యిర్మీయా చూసిన మూడు కుండలు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మన సంఘాల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. ఒక్కొక్కరు ముందుకు వచ్చి, మనసులో ప్రార్థన చేసుకుని, పళ్లెంలోంచి ఒక కార్డు తీస్తారు. ఏడాదంతా అది బైబిల్లోనో, అద్దం పక్కనో ఉంటుంది. ఆ కార్డుల్లో తరచుగా కనబడే వాక్యాల్లో యెషయా 43:19 ఒకటి: “ఇదిగో నేనొక నూతనక్రియ చేయుచున్నాను.” ఉద్యోగం పోయినవాడికీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ, కాపురం విరిగిపోయిన ఆమెకీ అదే కార్డు రావచ్చు. ముగ్గురూ దాన్ని ఒకే విధంగా అర్థం చేసుకుంటారు: పోయింది తిరిగి వస్తుంది, ఈ ఏడాదిలోనే వస్తుంది. డిసెంబరు మళ్లీ వచ్చేసరికి ఏదీ రాకపోతే, తమ విశ్వాసంలోనే లోపం ఉందని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతారు.

వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఆ వాక్యం అబద్ధమని నేను అనడం లేదు. అది నిజమని మనసారా నమ్ముతున్నాను. కానీ ఆ మాటను మొదట విన్నవాళ్లు ఎవరో, ఏ స్థితిలో విన్నారో తెలియకపోతే, అది ఇవ్వని మాటను ఇచ్చినట్టు అనుకుంటాం, నిజంగా ఇచ్చినదాన్ని చూడకుండా పోతాం.

రేషను పద్దులో ఒక రాజు

క్రీస్తుపూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజ్యపు రాజధాని యెరూషలేమును లొంగదీసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల రాజు యెహోయాకీనును, అతని తల్లిని, అధికారులను, కంసాలులను, కమ్మరులను చెరపట్టుకుపోయాడు. అది మొదటి దెబ్బ మాత్రమే. 586లో బబులోను సైన్యం ఆలయాన్ని తగలబెట్టి, ప్రాకారాలు పడగొట్టింది. చివరి రాజు సిద్కియా కళ్లముందే అతని కొడుకులను చంపారు, ఆ తరువాత అతని కళ్లు పెరికారు. అతను ఆఖరిసారిగా చూసింది కొడుకుల చావునే.

బబులోను తవ్వకాల్లో దొరికిన మట్టి పలకలు కొన్ని 1939లో ప్రచురితమయ్యాయి. అవి రాజభవనం నుంచి ఎవరెవరికి ఎంత నూనె ఇచ్చారో రాసుకున్న లెక్కలు. వాటిలో యూదా రాజు యెహోయాకీను పేరు ఉంది, అతని ఐదుగురు కొడుకుల ప్రస్తావనా ఉంది. దావీదు సింహాసనం మీద కూర్చున్న మనిషి పరాయి దేశపు రేషను పద్దులో ఒక పేరుగా మిగిలాడు. ఓటమి అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం తెలియదు.

ఆ ప్రజలు పోగొట్టుకున్నవి నేల, గుడి, రాజవంశం. ఇల్లు కాలితే దేవుని దగ్గరికి పరుగెత్తుతాం. దేవుని ఇల్లే కాలిపోతే ఎక్కడికి పరుగెత్తాలి? పైగా ఆ మూడూ దేవుడు తానే మాట ఇచ్చి ఇచ్చినవి. అందుకే చెర వాళ్లకు రాజకీయ ఓటమిగా ఆగలేదు, విశ్వాసపు మూలానికే తగిలింది. “నూతనక్రియ” అన్న మాట వచ్చి పడింది ఈ మనుషుల చెవుల్లో.

రెండేళ్లా, డెబ్బయ్యేళ్లా?

586కు ముందే, మొదటి చెర తరువాత, యెరూషలేములో ఒక వివాదం నడిచింది. యిర్మీయా 28వ అధ్యాయంలో ఉంది. ప్రవక్త యిర్మీయా మెడమీద కాడి వేసుకుని తిరుగుతున్నాడు, బబులోనుకు లొంగి బతకండి అని చెప్పడానికి. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ ఆ కాడిని విరిచి, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుందన్నాడు: రాజు, బందీలు, ఆలయపు పాత్రలు, అన్నీ. ఎంత హాయిగా ఉండి ఉంటుందో ఆ మాట!

యిర్మీయా మొదటి జవాబు “ఆమేన్” అనే. దేవుడు అలాగే చేయుగాక అన్నాడు. ఈ ఒక్క మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆయన కఠినుడు కాడు. హనన్యా మాట నిజమైతే బాగుండునని ఆయనకూ ఉంది. కానీ అది నిజం కాదు. విరిగిన కొయ్యకాడి స్థానంలో ఇనుపకాడి వస్తుందని ఆ తరువాత చెప్పవలసి వచ్చింది.

వెంటనే 29వ అధ్యాయంలో చెరలో ఉన్నవారికి ఆయన రాసిన ఉత్తరం ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని బందీలుగా ఉంచిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అన్నాడు. అందులోదే మన కార్డుల మీదికి ఎక్కిన మరో వాక్యం, సమాధానకరమైన ఉద్దేశాలనూ రాబోయే కాలపు నిరీక్షణనూ చెప్పే పదకొండో వచనం. దానికి ముందున్న పదో వచనం మాత్రం కార్డుల మీద నాకు ఎన్నడూ కనబడలేదు. అందులో గడువు ఉంది: డెబ్బయ్యేళ్లు. ముప్పయ్యేళ్ల వయసులో ఆ ఉత్తరం విన్న మనిషి తన ఊరు మళ్లీ చూడడు. అతని మనవలు చూస్తారేమో. అయినా ఆ నిరీక్షణ అతనికి కూడా అని ఉత్తరం చెబుతోంది, ఎందుకంటే తోట నాటవలసినవాడు అతనే. తిరిగి వెళ్లే రోజు వరకూ బతుకును వాయిదా వేయవద్దు, దేవుడు బబులోనులో కూడా దొరుకుతాడు అన్నదే దాని సారం.

అదే కాలంలో బబులోనులోని కెబారు నది ఒడ్డున, చెరలో ఉన్న ప్రవక్త యెహెజ్కేలుకు దర్శనం కలిగింది. దేవుని సింహాసనానికి చక్రాలు ఉన్నాయి. ఆ చక్రాల గురించి ఎన్నో వింత వ్యాఖ్యానాలు విన్నాను. చెరలో ఉన్నవాడికి మాత్రం దాని అర్థం ఇట్టే తెలిసిపోయి ఉంటుంది: గుడి అక్కడే ఉండిపోయింది, దేవుడు ఇక్కడికి వచ్చాడు.

రెండు కుండల మధ్య తేడా

విరిగిన బతుకుల గురించి మాట్లాడేటప్పుడు మన ప్రసంగాల్లో కుమ్మరి ఉదాహరణ రాకుండా ఉండదు. యిర్మీయా 18. ప్రవక్త కుమ్మరి ఇంటికి వెళ్తాడు. సారె మీద ఉన్న కుండ కుమ్మరి చేతిలోనే చెడిపోతుంది. అతను ఆ మట్టినే మళ్లీ తీసుకుని, తనకు తగినట్టుగా తోచిన “మరియొక కుండ” చేస్తాడు. మొదటి కుండను యథాతథంగా బాగు చేశాడని అక్కడ లేదు. మట్టి అదే, రూపం వేరు.

ఇది తడిమట్టి. ఇంకా కాల్చలేదు. ఆ మట్టి గురించి చెప్పి అక్కడితో ముగిస్తే విన్నవారికి ఊరటగా ఉంటుంది, నిజమే. కానీ తరువాతి అధ్యాయంలో ఇంకో కుండ ఉంది. దేవుడు యిర్మీయాను ఒక మట్టికూజా కొని, పెద్దలను వెంటబెట్టుకుని బెన్‌హిన్నోము లోయకు వెళ్లమంటాడు. పిల్లలను అగ్నికి బలిచ్చిన చోటు అది. అక్కడ దాన్ని వాళ్ల కళ్లముందే పగులగొట్టమంటాడు. మళ్లీ అతకడానికి వీలులేని పాత్రను పగులగొట్టినట్టు ఈ పట్టణాన్ని పగులగొడతాను అన్నది సందేశం.

కాల్చిన కుండ పగిలితే కుమ్మరి కూడా సారె మీద వేయలేడు. ఆ ఇంగితం మన పల్లెల్లో అందరికీ ఉంది. బతుకులో కొన్ని నష్టాలు తడిమట్టి లాంటివి: దారి తప్పిన అలవాటు, చెడిన స్నేహం, ఆగిపోయిన చదువు. వాటిని మళ్లీ మలచవచ్చు. కొన్ని నష్టాలు పగిలిన కూజాలు: చనిపోయిన బిడ్డ, తెగిపోయిన కాలు, ఎవరో మనిషిపై చేసిన అఘాయిత్యం. రెండో రకం నష్టం ముందు నిలబడి “కుమ్మరి మళ్లీ చేస్తాడు” అంటే, వినేవాళ్లకు అది ఓదార్పుగా ఉండదు. వాళ్ల నష్టాన్ని మనం సరిగ్గా చూడనే లేదని వాళ్లకు తెలిసిపోతుంది. లేఖనం రెండు కుండల గురించీ చెప్పింది. మనం ఒకటి దాచేశాం.

అక్షరక్రమంలో ఏడుపు

పగిలిన కూజా ముందు లేఖనం మనకు ఇచ్చేది విలాపవాక్యముల గ్రంథం. ఐదు పద్యాల చిన్న గ్రంథం. మొదటి, రెండో, నాలుగో అధ్యాయాల్లో ఇరవై రెండేసి వచనాలు, హెబ్రీ అక్షరాలు ఇరవై రెండింటితో వరసగా మొదలవుతాయి. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడు చొప్పున అరవై ఆరు. మన లెక్కలో చెప్పాలంటే ‘అ’ నుంచి ‘క్ష’ వరకు ఒక్క అక్షరం కూడా వదలకుండా ఏడవడం. వీధుల్లో సొమ్మసిల్లిన పసిపిల్లలు, అన్నం అడిగితే పెట్టేవాడు లేకపోవడం, ఆకలికి తల్లులు చేసిన చెప్పరాని పనులు, అన్నీ ఉన్నాయి. తొందరపడి ముగించకుండా, కట్టు తప్పకుండా ఏడ్చారు.

మన ఆరాధనల్లో పాడుకునే “అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది” అనే మాట ఈ గ్రంథం నట్టనడుమ ఉంది, మూడో అధ్యాయంలో. చివర్లో ఉండి ఉంటే కథ సుఖాంతమయ్యేది. కానీ దాని తరువాత నాలుగో అధ్యాయం మళ్లీ ఆకలి చావుల్లోకి వెళ్తుంది. ఐదో అధ్యాయానికి వచ్చేసరికి వచనాలు ఇరవై రెండే గానీ అక్షరక్రమం ఉండదు, కట్టు కూడా తెగిపోతుంది. చివరి వచనం మమ్మల్ని బొత్తిగా విసర్జించావా అన్న దిగులుతో ఆగిపోతుంది. యూదుల సమాజమందిరాల్లో దీన్ని చదివేటప్పుడు ఆ మాటతో ముగించలేక, దాని ముందు వచనాన్ని మళ్లీ ఒకసారి చదువుతారు.

ఆ ముందు వచనం, 5:21, మన తెలుగు బైబిల్లో “మా పూర్వస్థితి మరల మాకు కలుగజేయుము” అని ఉంది. మూలంలో ఉన్న క్రియ ‘హదాష్’, కొత్తగా చేయడం. పూర్వపు దినాల్లాగా మా దినాలను కొత్తవి చెయ్యి అని ప్రార్థన. మన అనువాదం తప్పని కాదు, పూర్వకాలపు కోరిక అందులో నిజంగానే ఉంది. కానీ “పూర్వస్థితి” అన్న మాట వినగానే మన మనసు నేరుగా పాత ఇంటికి వెళ్లిపోతుంది, “కొత్తగా” అన్నది వినబడకుండా పోతుంది. మన చిక్కంతా దాదాపు ఈ ఒక్క వచనంలోనే ఉందని నాకు అనిపిస్తుంది. అడిగేవాడు పాత రోజులనే అడుగుతాడు, ఇంకేం అడుగుతాడు పాపం. ఇచ్చేవాడు కొత్త రోజులు ఇస్తాడు.

దారి మారిన దేవుడు

ఇప్పుడు యెషయా 43కు తిరిగి వద్దాం. “నూతనక్రియ” వచనానికి ముందు దేవుడు సముద్రంలో దారి చేసిన సంగతి గుర్తుచేస్తాడు, అంటే ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడుదల. వెంటనే మునుపటివాటిని జ్ఞాపకం చేసుకోవద్దంటాడు. ఇది “గతం మరిచిపో” అనే సలహా కాదు. కొద్ది అధ్యాయాల తరువాత, 46లో, పూర్వం జరిగినవాటిని జ్ఞాపకం చేసుకోండి అని తానే అంటాడు. మరి ఏమి మరవాలి? నిన్న చేసిన పద్ధతిలోనే ఈ రోజూ చేయాలన్న పట్టుదలను.

ఈసారి సముద్రం చీలలేదు, మోషే రాలేదు. వచ్చినవాడు పారసీక రాజు కోరెషు. క్రీస్తుపూర్వం 539లో బబులోనును గెలిచి, చెరలో ఉన్న యూదులను వెళ్లనిచ్చాడు. యెషయా 45 ఆ పరాయి రాజును దేవుని అభిషిక్తుడు అంటుంది, నీవు నన్ను ఎరుగకపోయినా నిన్ను పిలిచాను అని కూడా చెబుతుంది. దేవుణ్ణి ఎరుగని మనిషి చేతి మీదుగా దేవుని పని జరిగింది. అదే అధ్యాయంలో మట్టి కుమ్మరిని ప్రశ్నిస్తుందా అన్న మందలింపు కూడా ఉంది. బహుశా ఆ పద్ధతి నచ్చని భక్తులే ఎక్కువమంది ఉండి ఉంటారు.

తిరిగి వచ్చినవాళ్లు ఆలయానికి పునాది వేసిన రోజును ఎజ్రా మూడో అధ్యాయం వర్ణిస్తుంది. చాలామంది కేకలు వేసి సంతోషించారు. మొదటి ఆలయాన్ని చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. ఏది సంతోషధ్వనో, ఏది ఏడుపు శబ్దమో తెలుసుకోలేకపోయారట. ఆ ఏడ్చినవాళ్లను అక్కడ ఎవరూ గద్దించలేదు. 515లో ఆలయం పూర్తయింది. పది ఆజ్ఞల రాతిపలకలు ఉంచిన పవిత్ర పెట్టె, నిబంధన మందసం, మాత్రం తిరిగి రాలేదు. దావీదు వంశపు రాజు సింహాసనం ఎక్కలేదు. పాతది పాతగా రాలేదు. కానీ గుడి లేని చోట దేవుణ్ణి వెతకడం నేర్చుకున్న ప్రజలు వచ్చారు. లేఖనాన్ని గుండెకు హత్తుకుని చదివే అలవాటు బలపడింది. మన బైబిల్లో సగానికి పైగా ఉన్న పాత నిబంధనలో చాలా భాగం కుదురుకున్నది చెరలోనూ ఆ తరువాతి కాలంలోనూ అని చాలామంది పండితుల అభిప్రాయం.

ఎవరు పంపారు అన్న ప్రశ్న

ఇక్కడ ఒక ముడి విప్పాలి. చెరకు కారణం రాజుల పాపమని ప్రవక్తలు సూటిగా చెప్పారు. అంత మాత్రాన ప్రతి కష్టం వెనకా పాపం ఉందని అనలేం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం వీడిదా, కన్నవారిదా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. నీతిమంతుడైన యోబు కష్టాలకు అతని స్నేహితులు కారణం వెతికి చివరికి దేవుని చేతనే మందలింపు తిన్నారు. రోమా 8:28 సమస్తమూ సమకూడి మేలుకై జరుగుతున్నాయంటుంది. సమస్తమూ మేలే అనదు. విషాన్ని విషం అంటూనే దేవుడు దాని మధ్య పని చేస్తాడని నమ్మవచ్చు.

ఆదరణ కూడికల్లో ఈ తేడా చెరిగిపోతోంది. భర్త చేతిలో దెబ్బలు తినే ఆమెకు “దేవుడు నిన్ను మలుస్తున్నాడు” అని చెప్పడం ఘోరం. ఆమెను కొడుతున్నవాడు కుమ్మరి కాడు, నేరస్థుడు. ఆమె విషయంలో నూతనక్రియ మొదలయ్యేది సురక్షితమైన చోటుతో, పోలీసు ఫిర్యాదుతో, పక్కన నిలబడే నలుగురితో. నెలల తరబడి నిద్రపట్టక, బతకాలని లేక కుంగిపోయినవారికి ప్రార్థనతో పాటు వైద్యుడు కావాలి. కోరెషు చేతి మీదుగా పని చేసినవాడు వైద్యుడి చేతి మీదుగా చేయడా?

ఒంగోలు కరువు

మన నేల మీద ఇలాంటి పరీక్ష ఒకటి జరిగింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని కరువు పీల్చి పిప్పి చేసింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది అక్కడ పని చేసి బతికారు. వాళ్లలో చాలామంది మాదిగలు. అంతకు పదేళ్ల ముందే, 1866లో, బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య వంటివారి వల్ల సువార్త ఆ పల్లెల్లో అప్పటికే పాకి ఉంది.

బాప్తిస్మం ఇవ్వండని జనం అడిగారు. కరువు నడుస్తున్న ఏడాదికి పైగా కాలం క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, వాళ్ల ఆకలిని ఎరగా వాడుకోకూడదని. సహాయ పనులు ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ కథను మన సంఘాల్లో ఉత్సాహంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ “కరువు రావడం వల్లే ఉజ్జీవం వచ్చింది” అనే మాట నోటి నుంచి రానివ్వకూడదు. ఆ కరువులో చనిపోయినవాళ్లు ఎవరి ఉజ్జీవానికీ మెట్లు కారు. వాళ్లు పగిలిన కూజాలు. దేవుని పని ఎక్కడుందని అడిగితే నేను అంకెను చూపించను. ఊరి బయట ఉంచిన మనుషులకు కూలి ఇచ్చి నిలబెట్టిన కాలువ గట్టును, వాళ్ల ఆకలిని అదనుగా తీసుకోని ఆ ఏడాదికి పైగా ఓపికను చూపిస్తాను.

మూడో కుండ

యిర్మీయా గ్రంథంలో ఇంకో కుండ ఉంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. 32వ అధ్యాయం. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. యిర్మీయా బందీగృహపు ఆవరణలో ఉన్నాడు, పట్టణం పడిపోతుందని చెప్పినందుకు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో అంటాడు. అనాతోతు యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్ల దూరం. శత్రువు గుప్పిట్లో ఉన్న నేల, ఎందుకూ అక్కరకు రాదు. నేల పోతుందని అందరికంటే బాగా తెలిసినవాడు యిర్మీయాయే, ఏళ్ల తరబడి అదే చెబుతున్నాడు.

ఆయన పొలం కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. పత్రం రాయించాడు, ముద్ర వేయించాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసినదీ వేయనిదీ రెండు ప్రతులూ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలా కాలం నిలిచేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొంటారు అన్న దేవుని మాట మీద. ఆ తరువాత ఒంటరిగా ప్రార్థనలో, పట్టణం శత్రువు చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావే అని దేవుణ్ణే అడిగాడు. నమ్మి కొన్నాడు, కొన్నాక కూడా అర్థం కాలేదు.

పట్టణం కూలింది. కొంతకాలానికి మిగిలినవాళ్లు యిర్మీయాను ఆయనకు ఇష్టం లేకుండానే ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆయన తిరిగి వచ్చినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు, ఆ పొలంలో అడుగుపెట్టినట్టూ లేదు. డెబ్బయ్యేళ్ల గడువు తీరాక తిరిగి వచ్చినవారి జాబితా ఎజ్రా రెండో అధ్యాయంలో ఉంది. పేర్లు, ఊళ్లు, సంఖ్యలు, చదవడానికి విసుగు పుట్టించే పట్టిక అది. అందులో ఇరవై మూడో వచనం: అనాతోతు వారు నూట ఇరువది యెనమండుగురు.